రంగు పోయిన నీళ్ళు

“రౌడీ ఏదిరా?”

తమ్ముడు వినబడనట్టు గాజుతొట్టి అంచు తుడుస్తున్నాడు. ఆ అంచు అప్పటికే అద్దంలా మెరుస్తోంది.

“నిన్నేరా. తోక చిరిగిన చేప ఏది?”

“ఉంటుందిలే అక్కా. రాళ్ళ వెనకాల దాక్కుందేమో.”

“రౌడీ దాక్కునే రకం కాదు. మేత వేస్తే మిగతావాటిని కరిచి మరీ ముందుకొస్తుంది. ఇప్పుడు వేశాను, చూడు. అన్నీ బుద్ధిమంతుల్లా వరసలో నిలబడి తింటున్నాయి. ఇవి నా చేపలు కావు.”

తమ్ముడి చేతిలో గుడ్డ ఆగిపోయింది.

అద్దకం షెడ్డు వెనక ఉన్న ఆ చిన్న గదిని పనివాళ్ళు దీపాల గది అంటారు. పెద్ద ఉద్యోగం వదులుకుని ఇంటికొచ్చి ఆ గది కట్టించినందుకు అక్కను దీపాలమ్మ అంటారు. అందులో వెక్కిరింత ఎంతో, మన్నన ఎంతో ఆమె ఎప్పుడూ విడదీసి చూసుకోలేదు. రంగుతొట్లలో వాడేసిన నీళ్ళు ఆ గదిలోని పొడవాటి పళ్ళెంలోకి వస్తాయి. పళ్ళెం అడుగున తెల్లపొడి పూత. పైన ఊదారంగు దీపాల వరస. ఆ వెలుతురు పొడి మీద పడుతుంటే నీళ్ళలోని విషం ముక్కలవుతుంది, ఆ ముక్కలు ఇంకా చిన్న ముక్కలవుతాయి, చివరికి ఎవరికీ ఏ హానీ చెయ్యని స్థితికి వస్తాయి. అప్పుడు తూము చక్రం తిప్పితే నీళ్ళు చేపల తొట్టి మీదుగా బయటి కాలవలోకి, అక్కణ్ణించి దిగువ వీధి బావుల పక్కకి పోతాయి. చేపలు బతికున్నాయంటే నీళ్ళు మంచివని అర్థం. ఆమె పెట్టుకున్న కాపలా అది.

“చచ్చిపోయింది కదూ,” అంది.

“అక్కా, గట్టిగా అరవకు.”

“నేనింకా అరవలేదు. రౌడీ ఒక్కటేనా?”

తమ్ముడు గుడ్డను మడతపెట్టాడు. మళ్ళీ విప్పాడు. “అన్నీను. తెచ్చి వేసినవి కూడా పోయాయి. మళ్ళీ తెచ్చాను. చేపల దుకాణంవాడు నన్ను చూస్తే నవ్వుతున్నాడు. మీ ఇంట్లో పిల్లిని పెంచుతున్నారా అని అడుగుతున్నాడు.”

ఆ మాటకి ఇంకో రోజయితే నవ్వేది. ఇప్పుడు దీపాల మీటల వైపు చూసింది.

“దీపాలు ఎంతసేపు వేస్తున్నావురా?”

“రంగు పోయేదాకా.”

“రంగు పోయాక?”

“ఆర్పేస్తున్నాను. నాన్న ఆర్పెయ్యమన్నాడు. నీళ్ళు తేటపడ్డాయిగా, ఇంకా ఎవరికి చూపించడానికి ఈ దీపాలు అన్నాడు. తర్వాతి తొట్టి నిండిపోయి కూచుంటోంది, పళ్ళెం ఖాళీ కావాలి అన్నాడు. నేనేం చెయ్యను? నువ్వేమో వెయ్యమంటావు, ఆయనేమో ఆర్పమంటాడు. మీ ఇద్దరి మధ్య నా ప్రాణం తీస్తున్నారు.”

“అందుకని చేపల్ని మార్చావా?”

“నువ్వు చూస్తే బాధపడతావని.”

“నేను బాధపడతానని.” ఆమె నిజంగానే గొంతు పెంచలేదు. అదే తమ్ముడికి ఎక్కువ భయమేసింది. “ఒరేయ్, ఆ చేపల్ని చూసి నేను అత్తయ్య దగ్గరికి వెళ్ళాను. మీ బావి నీళ్ళు ఇక తాగొచ్చు అత్తయ్యా, నాదే పూచీ అని నా నోటితో చెప్పాను. ఎవరి చేపల్ని చూసి చెప్పానురా? దుకాణంవాడి చేపల్ని చూసి.”

తమ్ముడు చొక్కా జేబులోని నల్ల కళ్ళద్దాలను తడుముకుంటున్నాడు. ఏం చెయ్యాలో తెలియనప్పుడు అతనికది అలవాటు. గదిలో దీపాలు వెలిగేటప్పుడు అవి లేకుండా ఎవరూ లోపల ఉండకూడదు. కట్టిన కొత్తలో ఒకసారి పళ్ళెం మీది మూత ఎత్తి ఊరికే తొంగిచూశాడు. ఆ రోజంతా కళ్ళల్లో ఇసుక పోసినట్టు గిలగిల కొట్టుకున్నాడు. ఈసారికి బయటపడ్డావు, ఇంకోసారయితే చూపుకి నేను హామీ ఇవ్వను అన్నాడు డాక్టరు. ఆ కళ్ళద్దాలు రెండు జతలుండేవి. ఒకటి విరిగింది. పళ్ళెం మూతని ఇవాళ కడగడానికి తీసి బయట ఎండలో గోడకి ఆనించారు.

ఆమె తూము చక్రం పట్టుకుని బిగుసుకునేదాకా తిప్పింది. నీటి చప్పుడు ఆగిపోయింది.

“నాన్న ఊరుకోడక్కా. ఇవాళ అత్తయ్య వస్తోంది.”

“తెలుసు. అందుకే మూస్తున్నాను.”

*

అమ్మ వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతోంది. ఆవిడ కళ్ళు ఎర్రగా ఉన్నాయి, మొహంలో మాత్రం పండగ ఉంది. అందరికీ సరిపోయే పెద్ద బల్ల మీద కొత్త గుడ్డ పరిచింది. ఇన్నేళ్ళూ మూలన పడి ఉన్న కుర్చీని తుడిచి నాన్న కుర్చీ పక్కనే వేసింది.

ఆ కుర్చీ అత్తయ్యది. ఒకప్పుడు ఈ ఇంట్లో అన్న అద్దకం చూస్తే చెల్లెలు రంగులు కలిపేది. పెళ్ళయి దిగువ వీధిలో కాపురం పెట్టాక కూడా పనికి ఇక్కడికే వచ్చేది. ఆవిడ బావిలో ఎర్రనీళ్ళు పడ్డ రోజున మాత్రం ఒక బిందెడు నీళ్ళు మోసుకొచ్చి అన్న గుమ్మంలో కుమ్మరించి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయింది. అప్పటినుంచి వదినా ఆడపడుచూ కూరగాయల దుకాణంలో ఎదురుపడినా ఒకళ్ళు వంకాయల వైపూ ఇంకొకళ్ళు గోడ వైపూ చూసుకునేవాళ్ళు. ఇంటికొచ్చాక అమ్మ ఆ పూట ఎవరితోనూ మాట్లాడేది కాదు.

కూతురు చెప్పింది విని అమ్మ కత్తి పక్కన పెట్టింది.

“ఇవాళ్టికి ఊరుకోవే.”

“అమ్మా, నేను చెప్పింది విన్నావా?”

“విన్నాను. నాకర్థమయినంత అర్థమయింది. రేపు చెబుదువుగాని. నేను నీతోబాటు వచ్చి చెబుతాను. ఇవాళ ఆవిడ వచ్చి ఆ కుర్చీలో కూచోనీ. ఒక్కపూట.”

“ఆ ఒక్కపూట ఆవిడ ఆ నీళ్ళే తాగుతుంది.”

“ఇన్నాళ్ళూ తాగింది, ఏమయింది?”

“నీకు నిజంగా తెలుసుకోవాలనుందా?”

అమ్మ మళ్ళీ కత్తి తీసుకుంది. 

“ఈ కొంపలో నాతో నవ్విన మనిషి అదొక్కతే,” అంది చివరికి, ఉల్లిపాయతో చెబుతున్నట్టు. “మీ నాన్నకి రంగులు. నీకు దీపాలు. వాడికి మీ ఇద్దరి భయం. నాకు ఏముందే?”

 ఆమె జవాబు వెతుక్కునేలోపల నాన్న వచ్చాడు.

ఊళ్ళో అందరూ ఆయన్ని కళ్ళమేస్త్రి అంటారు. రెండు గుడ్డలు ఒకే రంగని పదిమంది చెబుతున్నప్పుడు, కాదు, ఇది ఒక మునక తక్కువ పడింది అని దూరంనుంచే చెప్పే మనిషి. ఆ కళ్ళ మీదే ఈ ఇల్లు లేచింది. చేతులు మోచేతులదాకా నీలంగా ఉన్నాయి. ఒక చేతిలో గాజు గ్లాసు, దాన్నిండా నీళ్ళు.

“తూము ఎవరు మూశారు?”

“నేనే.”

“తెరిపించాను. ఇంకోసారి దాని మీద చెయ్యి వెయ్యకు. తొట్టి పొంగి నేలంతా పారుతోంది అక్కడ.”

“పారనీ నాన్నా. నేలనయితే కడుక్కోవచ్చు.”

ఆయన గ్లాసును కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాడు. నీళ్ళలోంచి కిటికీ ఊచలు స్పష్టంగా కనిపిస్తున్నాయి.

“చూడు. నలుసుందా? నీడుందా? పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి నీళ్ళలో రంగుని చూస్తున్నవాణ్ణి. నా కంటికి దొరకనిది ఇందులో ఏముందో చెప్పు.”

“నీ కంటికి దొరికేదే ముందు పోతుంది నాన్నా. అదే నీకు ఎన్నిసార్లు చెప్పాలి? వెలుతురు ముందు రంగుని విరగ్గొడుతుంది. విరిగిన ముక్కలకి రంగుండదు. రంగు లేనంత మాత్రాన అవి మంచివి అయిపోవు. కొన్ని ముక్కలు అసలు రంగుకన్నా చెడ్డవి. అవి కూడా పోవాలంటే, నీళ్ళు తేటపడ్డాక కూడా దీపాలు చాలాసేపు వెలగాలి. నువ్వు సరిగ్గా పని సగంలో ఉండగా ఆర్పిస్తున్నావు. ఎర్రగా ఉన్నప్పుడు కనీసం జనం చూసి భయపడేవాళ్ళు. ఇప్పుడు ఆ భయం కూడా లేకుండా చేశాం మనం.”

“మనం కాదు. నువ్వు. ఈ దీపాలు నువ్వు తెచ్చావు.”

“నేను తెచ్చాను. నువ్వు ఆర్పావు. వీడు చేపల్ని మార్చాడు.”

గుమ్మం దగ్గర నిలబడ్డ తమ్ముడు తలొంచుకున్నాడు. నాన్న వాడివైపు ఒకసారి చూసి, చేపలంటే ఏమిటని కూడా అడగలేదు. అడగకపోవడం ఆమె గమనించింది. 

“నీకు తెలుసు,” అంది. “చేపలు చచ్చాయని నీకు తెలుసు.”

“చేపలన్నాక చస్తాయి.”

“నాన్నా.”

“నా చెల్లెలు ఇవాళ ఈ గడప తొక్కుతోంది.” ఆయన గొంతు తగ్గింది. ఆ గొంతు ఆమెకి చిన్నప్పటినుంచీ తెలుసు, దాని తర్వాత ఎప్పుడూ ఏదో ఒకటి విరిగేది. “నేను వెళ్ళి బతిమాలితే రాలేదు. మీ అమ్మ కబురు పెడితే రాలేదు. నీళ్ళు తేటపడ్డాయని వస్తోంది. నువ్వు ఆవిడ ముందు నోరు విప్పావో, ఈ ఇంట్లో నీకిక చోటు లేదు. నీ దీపాలూ నువ్వూ కలిసి వెళ్ళచ్చు.”

అమ్మ వెనక్కి తిరగలేదు. కత్తి మాత్రం బల్లకి తగిలి ఆగింది.

“నువ్వేం మాట్లాడవేం అమ్మా?” అని అడిగింది ఆమె.

అమ్మ ఉల్లిపాయ పొట్టు చేత్తో పోగుచేస్తూ ఉండిపోయింది.

*

అత్తయ్య మధ్యాహ్నం దాటాక వచ్చింది. మనిషి సన్నబడింది, నడక మాత్రం పాతదే, దారిలో ఎవరున్నా తప్పుకోవలసిందే. దిగువ వీధిలో తల్లులు పనులకి వెళ్ళిపోతే వాళ్ళ పసిపిల్లల్ని ఆవిడే చూసుకుంటుంది. చీర కొంగుకి ఇంకా ఏ పిల్లదో బిస్కట్టు ముక్క అంటుకునే ఉంది. చంకలో మూతపెట్టిన స్టీలు క్యాను.

“ఏం వదినా, అద్దం చూసుకోవడం మానేశావా? జుట్టంతా తెల్లబడింది,” అంది గుమ్మంలోనే.

“నువ్వేమయినా పడుచుదానిలా ఉన్నావనుకుంటున్నావా?” అంది అమ్మ. ఇద్దరూ నవ్వబోయి, సగంలో ఏడ్చి, ఆ ఏడుపుని చూసి మళ్ళీ నవ్వారు. నాన్న ఆ పక్కకి తిరిగి గోడకున్న క్యాలెండరు సరిచేశాడు.

అందరూ కూచున్నారు. అత్తయ్య తన కుర్చీ చేతులు రెండూ నిమిరి చూసుకుంది.

“ఇంటికొస్తూ ఏం తేవాలో తోచలేదు అన్నయ్యా. ఆ రోజు నీ గుమ్మంలో ఏది పోసి వెళ్ళానో, ఇవాళ అదే తెచ్చాను.” క్యాను మూత తీసింది. “నా బావి నీళ్ళు. చూడు ఎంత తేటగా ఉన్నాయో. అందరూ తలా ఒక గ్లాసు తాగండి. ఆ పాత మాట ఇక్కడితో సరి.”

ఆవిడ స్వయంగా గ్లాసుల్లో పోసింది. నాన్న తన గ్లాసు తీసుకున్నాడు. అలవాటు చొప్పున వెలుతురుకి ఎత్తి చూశాడు.

“తాగకు నాన్నా,” అంది ఆమె.

ఆయన ఆమెనే చూస్తూ గ్లాసు నోటికి పెట్టుకుని చివరి చుక్కదాకా తాగాడు. ఖాళీ గ్లాసు బల్ల మీద కొట్టినట్టు పెట్టాడు.

అత్తయ్య అందరి మొహాలూ వరసగా చూసింది. తమ్ముడి గ్లాసు కదల్లేదు. అమ్మ గ్లాసు కదల్లేదు.

“ఏమిటిది? నా చేతి నీళ్ళు తాగకూడదని మొక్కుకున్నారా అందరూ?”

“అత్తయ్యా, ఆ నీళ్ళు మంచివి కావు.” ఆమె తన గ్లాసు పక్కకి నెట్టింది. “నేను నీకు చెప్పింది తప్పు. నీళ్ళలో రంగు పోయింది, విషం పోలేదు. సగంలోనే దీపాలు ఆర్పేస్తున్నారు. నాకు పొద్దున తెలిసింది.”

“చేపలు బతికున్నాయన్నావు కదా కోడలా.”

“మార్చారు.”

“ఎవరు?”

తమ్ముడు లేచి నిలబడ్డాడు. “నేనే అత్తయ్యా. చచ్చినవాటిని తీసేసి కొత్తవి వేశాను. అక్క బాధపడుతుందని...”

అత్తయ్య క్యాను మూత చేతిలోకి తీసుకుంది. దాన్ని బిగించలేదు, కింద పెట్టలేదు. 

“నా దగ్గరికొచ్చే పిల్లలందరూ ఆ నీళ్ళే తాగుతున్నారు,” అంది. “ఇదివరకు బయటినుంచి తెప్పించేదాన్ని. నా మేనకోడలు చదువుకుంది, అది పూచీ పడిందని నేనే మానిపించాను. తల్లులు భయపడితే, నన్ను చూసి తాగించండి అని నేనే చెప్పాను.” మేనల్లుడి వైపు తిరిగింది. “చేపలు పోతే దుకాణంనుంచి తెచ్చి వేశావు. బాగానే ఉంది. ఆ పిల్లల్ని ఎక్కడినుంచి తెచ్చి మారుస్తావురా?”



అమ్మ లేచింది. ఎవరూ తాగని గ్లాసులన్నీ పళ్ళెంలో పెట్టుకుని లోపలికి వెళ్ళింది. ఆవిడ వెళ్ళడం ఎవరూ పట్టించుకోలేదు. ఆ ఇంట్లో ఆవిడ రాకపోకలు ఎవరూ ఎప్పుడూ పట్టించుకోలేదు.

“పిల్లలకేం కాలేదుగా,” అన్నాడు నాన్న.

“ఒకడికి వాంతులు. ఇంకొకడు రెండు రోజులుగా మగతగా పడుకుంటున్నాడు. తిన్నదేదో పడలేదేమో అనుకున్నాను. నీళ్ళని అనుకోలేదు. నీళ్ళు తేటగా ఉన్నాయి కదా.” అత్తయ్య గొంతు అప్పుడు లేచింది. “నీకు తెలుసా అన్నయ్యా? అది అడుగుతున్నాను. తెలిసే నన్ను పిలిచావా?”

“నా కంటికి...”

“నీ కన్ను తగలెయ్య. తెలుసా, తెలియదా?”

నాన్న తన ఖాళీ గ్లాసుని పక్కకి జరిపాడు.

“ఈ పిల్ల నాకు ఆ తెల్లపొడి సంగతి చెప్పింది,” అంది అత్తయ్య. “అది వెలుతురు తగిలితే చాలు, అన్నిటినీ విడగొడుతుందట. ఎన్నిటిని విడగొట్టినా తను మాత్రం ఎలా ఉన్నది అలాగే ఉంటుందట. అప్పుడే అనుకున్నాను, ఇలాంటిదాన్ని నేనెక్కడో చూశానే అని. నువ్వే అన్నయ్యా. నన్ను విడగొట్టావు. ఇవాళో రేపో ఈ పిల్లనీ పంపేస్తావు. నువ్వు మాత్రం ఇసుమంత అరగవు.”

“నా ఇంటికొచ్చి నన్నే...”

“నీ ఇంట్లో ఉండటానికి రాలేదులే.” ఆవిడ లేచి క్యాను చంకన పెట్టుకుంది. “కోడలా, నాతో రా. ఆ తల్లులకి నీ నోటితోనే చెబుదువుగాని. డాక్టరుకి ఏం తాగారో చెప్పడానికయినా నువ్వుండాలి.”

“వెళితే మళ్ళీ ఈ గుమ్మం ఎక్కకు,” అన్నాడు నాన్న కూతురితో.

ఆమె చెప్పులు వేసుకుంది. ఏ క్షణాన అమ్మ వచ్చి చెయ్యి పట్టుకుని ఆపుతుందో, ఆపితే తను ఏం చెయ్యాలో అని ఒక్కసారి లోపలికి చూసింది. వంటింట్లో ఎవరూ లేరు. గ్లాసులు బోర్లించి ఉన్నాయి. పెరటి తలుపు తీసి ఉంది.

అప్పుడు వినబడింది దీపాల గది రొద. సన్నగా, తేనెటీగల తుట్టెలోంచి వస్తున్నట్టు.

“దీపాలు ఎవరు వేశారు?” నాన్న గబుక్కున లేచాడు. “పళ్ళెంలో నీళ్ళు తేటగానే ఉన్నాయిగా. ఎవరు వేశారు?”

తమ్ముడు అందరికన్నా ముందు పరిగెత్తాడు. దీపాల గది తలుపు మూసి ఉంది. తోశాడు. లోపల గడియ వేసి ఉంది. తలుపు కింది సందులోంచి ఊదారంగు వెలుతురు గీతలా నేల మీద పడుతోంది. కాలవలో నీళ్ళు లేవు. తూము మూసేశారు.

“అమ్మా,” అని తలుపు బాదాడు. “అమ్మా, పళ్ళేనికి మూత లేదే. బయటికి రా. కళ్ళు పోతాయమ్మా.”

దీపాలు ఆర్పే మీటలన్నీ లోపలే. కళ్ళద్దాలు తమ్ముడి జేబులో.

“అమ్మా, తూము మూశావు కదా, అది చాలు,” అని అరిచింది కూతురు. “దీపాలు ఆర్పెయ్యి.”

“నేను తలుపు తీస్తే మీ నాన్న మళ్ళీ తూము తెరుస్తాడు.” అమ్మ గొంతు ఎప్పటిలాగే ఉంది, కూర తరుగుతూ మాట్లాడినట్టు. “ఆయన్ని చెప్పమను. ఆ నీళ్ళలో ఏముందో తన కంటికి కనబడలేదని, వాళ్ళ చెల్లెలి ముందు ఆయన నోటితో చెప్పమను. అప్పుడు తీస్తాను.”

అందరూ నాన్న వైపు చూశారు. నీలంగా ఉన్న ఆయన చెయ్యి తలుపు మీద ఉంది.   ఆయన చెల్లెలి వైపు చూసి, మళ్ళీ తలుపు వైపు తిరిగాడు.

“కనీసం కళ్ళయినా మూసుకోవే,” అన్నాడు చివరికి.

“ఇన్నాళ్ళూ మూసుకునే ఉన్నాను,” అంది అమ్మ లోపలినుంచి. “ఇప్పుడే తెరిచాను.”